‘మనోళ్లే కదా’ అన్న మాట

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది మా టెలికాం కంపెనీ నన్ను శంషాబాద్ కార్యాలయంలో నోడల్ అధికారిగా వేసింది. పేరు గంభీరమే గానీ పని ఒక్కటే. వినియోగదారుల కాల్ వివరాలో, ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందన్న సమాచారమో ప్రభుత్వం అడిగితే, ఆ అడగడం సక్రమంగా ఉందో లేదో చూసి ఇవ్వడం. జిల్లాలో ఎస్పీ, కమిషనరేట్‌లో డీసీపీ, ఆ హోదాకు తగ్గని అధికారి తన అధికారిక మెయిల్ నుంచి కేసు వివరాలతో అడగాలి. ఎస్సై వచ్చి ఎదురుగా కూర్చుంటే టీ ఇస్తాం, వివరాలు ఇవ్వం.

ఒక మధ్యాహ్నం మా ఊరి యాదయ్య వచ్చాడు. తుక్కుగూడ దగ్గర మా రెండు కుటుంబాల పొలాలూ పక్కపక్కనే ఉండేవి. నేను ఊరు విడిచాక రాకపోకలు తగ్గాయి గానీ వరస తగ్గలేదు. వెంట అతని బామ్మర్ది ఉన్నాడు. వేరే జిల్లాలో ఎస్సై, మామూలు దుస్తుల్లో వచ్చాడు. విమానాశ్రయం సరుకుల విభాగంలో పనిచేసే యాదయ్య కూతురు మానస, డ్యూటీకని వెళ్లి ఇంటికి రాలేదట. యాదయ్య తన ఫోన్‌లో ఆమె ఫొటో చూపించాడు.

“జర నంబరు ఏ టవర్ కింద ఉన్నదో చూసి చెప్పన్నా. పానం నిమ్మళం లేదు,” అన్నాడు.

నాకు గుండె తరుక్కుపోయింది. వెంటనే స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టమన్నాను. పై అధికారి మెయిల్ రాగానే నేనే దగ్గరుండి పంపిస్తానన్నాను. యాదయ్య తల దించుకున్నాడు. బామ్మర్ది అందుకున్నాడు.

“కేసెందుకన్నా, ఇజ్జత్ పోతది. పోరి మేజరాయె. కేసయితే మేజిస్ట్రేట్ ముంగట నిలబెట్టాలె. ‘నా ఇష్టంతోనే పోయిన’ అంటే ఇగ మన చేతుల ఏముంటది? జాగ చెప్పు చాలు, మేం చూస్కుంటం. మనోళ్లే కదా!”

పిల్ల తప్పిపోలేదు, వెళ్లిపోయింది. ‘చూస్కుంటం’ అన్న మాటకు నాకు భయమేసింది. యాదయ్య కన్నీళ్లు నిజమే, వాటి వెనకున్న కోపమూ నిజమే. కుదరదన్నాను.

“గిట్ల చేస్తవనుకోలేదన్నా,” అని యాదయ్య లేచి వెళ్లిపోయాడు.

సంగతి ఊరంతా పాకింది. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో పెట్టే రకమని నాకు పేరొచ్చింది. ఒక పెళ్లిలో భోజనాల బంతిలో నేను కూర్చోగానే యాదయ్య లేచి మరో వరసకు పోయాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

తర్వాతి ఎండాకాలంలో మా కింది అంతస్తు కౌంటర్‌కు ఒకమ్మాయి అత్తాపూర్‌లో ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ కావాలని వచ్చింది. ఫొటోలో చూసిన ముఖమే. నేనెవరో ఆమెకు తెలియదు. అడ్రసు రాయబోయి ఆగి, ఏదో పనిమీద కిందికి వచ్చి పక్కనే ఉన్న నన్ను అడిగింది.

“సార్, మా ఇంటోళ్లొచ్చి అడిగితే మా అడ్రస్ ఇస్తరా?”

“ఇవ్వమమ్మా.”

“మీకు ఎరుకైనోళ్లయితే?”

“అయినా ఇవ్వం,” అన్నాను.

ఆమె ఇంటి నంబరుతో సహా రాసిచ్చి వెళ్లింది. యాదయ్యకు నేనీ సంగతి ఈనాటికీ చెప్పలేదు.

నా సర్వీసులో నేర్చుకున్నది ఇంతే. పరాయివాడికి కాదని చెప్పడానికి నియమం అక్కర్లేదు. నియమం ఉన్నది మనోళ్ల కోసమే.