పక్కింట్లో ఆగిపోయిన కొబ్బరి లారీ

మా కొత్తపేటలో మావయ్య గారిది కొబ్బరికాయల వ్యాపారం. నెలల తరబడి బతిమాలి, ఇవాళ లారీలకి యాప్ మొదలెట్టించేను. లారీలో ఓ ఫోన్ పెడితే చాలు, హైదరాబాద్‌లో కాయలు కొనే షావుకారికి లారీ ఎక్కడుందో కనిపిస్తుంది.

మధ్యాహ్నం ఆ షావుకారే ఫోన్ చేసేరు. "పొద్దున్న బయల్దేరిన లారీ ఎవరింట్లోకో వెళ్లి ఆగిపోయిందేంటండీ?"

మొదటిరోజే పరువు పోయిందనుకుంటూ పరిగెత్తేను. లారీ మా యార్డులోనే ఉంది. కాయలింకా ఎక్కిస్తున్నారు. లారీలో ఫోన్ మాత్రం లేదు.

"వర్జ్యం వచ్చేస్తోందని పక్కింటి పిన్నిగారింట్లో పెట్టించేనమ్మా," అన్నారు మావయ్య గారు తాపీగా. "యాప్‌లో బయల్దేరితేనే బయల్దేరినట్టని నువ్వే కదా చెప్పేవు!"

ప్రయాణం ఆలస్యమయ్యేలా ఉంటే మంచి గడియలో సంచి పక్కింట్లో పెట్టి, బయల్దేరినట్టే అనుకోవడం మా ఇళ్లలో మామూలే. ఈసారి సంచికి బదులు ఫోన్ వెళ్లింది.

షావుకారికి ఫోన్ చేసి నిజమే చెప్పేసేను.

"ఆయ్, మాదీ మీ పక్కన రాజోలేనండీ," అన్నారాయన. "ఇక్కడ దింపడానిక్కూడా మంచి టైం చూసి, ఆ యాప్‌లోనే పెట్టమనండి."

అదెక్కడ నొక్కాలో మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి బాబూ!