కంపెనీ వారి ఫోను

మా ఇంటికి ఫోను పెట్టిస్తామని కంపెనీ వాళ్ళు చెప్పిన రోజు నాకు కలిగింది సంతోషం కాదు, అనుమానం. నా స్వభావమే అంత. కిరాణా కొట్టువాడు నవ్వుతూ చిల్లర ఇస్తే నోటు చిరిగిందేమోనని తిప్పి చూసే మనిషిని. అప్పట్లో ఫోను కోసం దరఖాస్తు పెట్టుకుని జనం ఏళ్ళ తరబడి కాచుకునేవారు. అలాంటిది, కనెక్షనూ మాదే, బిల్లూ మాదే, మీరు మాట్లాడుకోండి చాలు అంటున్నారు. వీళ్ళకి నా మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చినట్టు?

కారణం తెలియనిదేం కాదు. హైటెక్ సిటీ కొత్త భవనం లేచింది. మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య నెలకో కంపెనీ బోర్డు వెలుస్తోంది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న భయంతో, పాత ప్రోగ్రాములు సరిచేసే మాలాంటి వాళ్ళకి ఎక్కడ చూసినా గిరాకీ. ఆఫీసులో మా గదిలో కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. ఉన్నవాళ్ళని పట్టి ఉంచడానికి ముందు మూసాపేట నుంచి బస్సు వేశారు. తర్వాత మధ్యాహ్నం భోజనం పెట్టారు. పప్పులో నెయ్యి కూడా వడ్డిస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు ఫోను.

"నాకెందుకండీ ఫోను?" అని పర్సనెల్ మేనేజరు గారిని అడిగాను.

"మనమంతా ఒక కుటుంబం కదండీ," అన్నారాయన.

కుటుంబం అనగానే నా అనుమానం రెట్టింపయింది.

మూసాపేటలో మాది కింద వాటా, రెండు గదులు. పైన ఇంటి యజమానురాలు, పక్క వాటాలో ఒక డ్రైవరు కుటుంబం. గోదావరి జిల్లా నుంచి వచ్చి అక్కడ దిగిన దగ్గర్నుంచి, అద్దె రోజున తప్ప వాళ్ళు మాతో మాట్లాడింది లేదు. ఫోను వచ్చిందో లేదో, ఇంటావిడ మెట్లు దిగి వచ్చింది.

"ఏంది బిడ్డా, ఫోన్ పెట్టించిన్రంట గద! మా చెల్లె నిజామాబాద్ల ఉంటది. మీ నంబర్ ఇస్త, ఫోనొస్తే జర పిలుస్తవా?"

"అయ్యో, దానికేముందండీ," అంది మా ఆవిడ.

మర్నాడు డ్రైవరు భార్య వచ్చింది. ఆ తర్వాత వీధిలో సగం మంది తమ చుట్టాలకి మా నంబరే ఇచ్చుకున్నారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందుగదిలో ఎవరో ఒకరు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుని ఉండేవారు. ఫోను వచ్చేదాకా కూర్చునేవారు, వచ్చి వెళ్ళాక కూడా లేచేవారు కాదు.

"వీళ్ళంతా నీకోసం వస్తున్నారనుకుంటున్నావా?" అన్నాను ఒకరోజు మా ఆవిడతో.

"అన్నం తినండి," అంది.

అంతలో ఇంకో కంపెనీ పిలిచింది. జీతం బాగా ఎక్కువ. బస్సు లేదు, భోజనం లేదు, ఫోను లేదు. ఆహా, ఎంత శుభ్రమైన కంపెనీ! డబ్బిస్తారు, పని చేయించుకుంటారు, ప్రేమలు లేవు. అయితే వాళ్ళతో ఇంటి ఫోనులో మాట్లాడటం ఎలా? లైను పెట్టించినవాళ్ళు వినరని నమ్మకమేమిటి? అందుకని సాయంత్రాలు సందు చివర ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, తలుపు వేసుకుని, గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాణ్ణి.

అది డ్రైవరు భార్య కంట పడింది. తిన్నగా వచ్చి మా ఆవిడ చెవిలో వేసింది. "అక్కా, ఇంట్ల ఫోన్ పెట్టుకొని సార్ ఎస్టీడీ కాడికి పోయి గుసగుస మాట్లాడుతుండు. గదేందో జర అడుగు."

ఆ రాత్రి కంచం నా ముందు టక్కున పెట్టి, మా ఆవిడ అడిగేసింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"ఇంట్లో ఫోను ఉండగా మీరు బయటికెళ్ళి మాట్లాడే ఆవిడ."

నాకు నవ్వొచ్చింది. నవ్వేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక దాచలేక అంతా చెప్పేశాను. కొత్త ఉద్యోగం, మంచి జీతం, రేపటిలోగా అవుననో కాదనో చెప్పాలి. ఆమె మొహం తేటపడింది. అదీ ఒక్క క్షణమే.

"మరి ఫోనో?"

"తీసుకుపోతారు."

"అయితే వద్దండీ," అంది.

నాకు ఒళ్ళు మండింది. "నీకేమైనా పిచ్చా? నన్ను కట్టిపడెయ్యడానికే ఇచ్చారే అది! నేను కదలబోయినా నువ్వు దాన్ని పట్టుకుని వేలాడతావని వాళ్ళకి తెలుసు. ఈ వచ్చేవాళ్ళు మాత్రం? రేపు ఫోను తీసేస్తే ఒక్కళ్ళయినా ఈ గుమ్మం ఎక్కుతారేమో చూడు."

"ఎక్కరు," అంది.

వాదిస్తుందనుకున్నాను.

"ఫోను కోసమే వస్తారని నాకు తెలీదనుకున్నారా? మొదటి రోజే తెలుసు. మీరు పొద్దున్నే బస్సెక్కి పోతే, మళ్ళీ మీరొచ్చేదాకా నేను నోరు విప్పేదాన్ని కాదు. పాలవాడు వస్తే అక్కర్లేకపోయినా ఇంకో అరలీటరు పొయ్యమనేదాన్ని. వాడు కొలిచేంతసేపూ నిలబడి ఏదో ఒకటి మాట్లాడేవాడు. పాల ఖర్చు ఎక్కువవుతోంది, వాడు దొంగలెక్క చెబుతున్నాడని మీరు వాణ్ణి మాన్పించేశారు."

నేను కంచం దగ్గరికి లాక్కున్నాను.

"దేనికోసం వస్తే ఏంటండీ," అంది, కంచంలో అన్నం వడ్డిస్తూ. "వస్తున్నారు."

మర్నాడు ఇంటి ఫోనులోంచే ఆ కంపెనీకి రానని చెప్పేశాను. ఇంటావిడా, డ్రైవరు భార్యా అప్పటికే ముందుగదిలో కూర్చుని ఉన్నారు. నేను వాళ్ళని లేవమనలేదు.