కంచాల భూలక్ష్మి ఇవ్వని కంచాలు

నల్లగండ్లలో భూలక్ష్మి ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ భూలక్ష్మి అని ఎదురు ప్రశ్న వేస్తారు. కంచాల భూలక్ష్మి అంటే మాత్రం దారిన పోయేవాళ్లు కూడా గేటు దాకా వచ్చి చూపిస్తారు. ఒకప్పుడు తాము జొన్న వేసిన చేలోనే లేచిన అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు ఫ్లాటు ఆమెది. చదువు ఐదో తరగతి దాటలేదు గానీ, మాదాపూర్ ఆఫీసుల్లో పదిమందిని హడలెత్తించే మేనేజర్లను సైతం కూర్చోబెట్టి గద్దించగల నోరుంది.

ఆ నోటికి పని దొరికింది పక్కనున్న చెరువు వల్ల. అపార్ట్‌మెంట్‌లో ఏ పుట్టినరోజు జరిగినా మర్నాటికల్లా థర్మాకోల్ ప్లేట్లు చెరువులో తేలేవి. ఎవరిదో గేదె ఆ చెత్త తిని కడుపుబ్బి చచ్చిపోతే, భూలక్ష్మి దాని పక్కన నిలబడి సొంత గొడ్డు పోయినట్టు ఏడ్చింది. ఆ వారంలోనే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

"లగ్గాలల్ల వచ్చిన స్టీలు సామాను అటక మీద మూలుగుతనే ఉంటది గద. ఒక్కొక్క కంచం నాకియ్యిరి" అని అడిగింది.

మొదట అందరూ నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. కొన్నాళ్లకు మెట్ల కింది గది కంచాలతో, గ్లాసులతో నిండిపోయింది. కంచాల అంచున పేర్లు చెక్కి ఉండేవి. ఒకటి ఎవరి అత్తగారి జ్ఞాపకార్థమో, ఇంకొకటి ఎవరి గృహప్రవేశానికి వచ్చిన కానుకో. ఎవరింట్లో భోజనాలున్నా ఉచితంగా తీసుకుపోవచ్చు, కడిగి తెచ్చివ్వాలి. కడిగేది మాత్రం తీసుకుపోయిన వాళ్లు కాదు, హౌస్‌కీపింగ్ చేసే రాజమ్మ. ఈ సంగతి భూలక్ష్మికి తెలుసు, కానీ అపార్ట్‌మెంట్ మీటింగుల్లో చెప్పేది కాదు. మీటింగుల్లో ఆమె చెప్పే మాట ఒక్కటే: "ఎవలడిగినా ఇస్తం. గరీబని లేదు, అమీరని లేదు."

రాజమ్మ భర్త ఓదెలు మంచం పట్టి, చివరికి దవాఖానలో కన్నుమూశాడు. దినాలకు ముందు రోజు వాళ్ల కొడుకు శేఖర్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. క్యాబ్ నడుపుతాడు, మెత్తని మనిషి.

"రేపు నాయిన దినాలమ్మా. ఊళ్లె ఇల్లు కూలింది, అందుకే ఈడనే గోపన్‌పల్లిల కిరాయి ఇంటికాడ చేస్తున్నం. జర కంచాలు ఇస్తరా? పొద్దుమూకేసరికి కడిగి తెచ్చిస్త."

అతని మాట పూర్తికాక ముందే భూలక్ష్మి మనసు ఆదివారం దగ్గరికి పరుగెత్తింది. రెండో అంతస్తు లావణ్య కూతురికి ఓణీల ఫంక్షన్. దినాల భోజనం తిన్న కంచాలని తెలిస్తే ఆడవాళ్లు మూతి ముడుస్తారు. ఒక్కరు ముడిస్తే అందరూ ముడుస్తారు, మళ్లీ థర్మాకోల్ వస్తుంది. ఇంత కష్టపడి నిలబెట్టింది మట్టికొట్టుకుపోతుంది. చెరువు కోసమే కదా అనుకుంది.

"అయ్యో బిడ్డా, కంచాలన్నీ బాచుపల్లి పోయినయి. అక్కడ స్కూల్ల ఏదో ఫంక్షనంట" అంది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఫికర్ లేదమ్మా, ఏదో ఒకటి చేస్త. మీరు మాత్రం తప్పకుండ రావాలె" అని శేఖర్ వెళ్లిపోయాడు.

లోపల టీవీ ముందున్న భర్త వీరేశం అంతా విన్నాడు. "కంచాలు గదిలనే ఉన్నయి గదనే" అన్నాడు.

"దినాలల్ల తిన్న కంచాలల్ల మల్ల శుభకార్యం చేస్తరా ఎవలన్న?"

"మరి పట్టాభిరామయ్య సారు వాళ్లమ్మ పోయినప్పుడు నువ్వే దగ్గరుండి మోయించినవ్ గద?"

నిజమే. ఐదో అంతస్తు పట్టాభిరామయ్య తల్లి పెద్దకర్మకు ఆ కంచాలే వెళ్లాయి. అంత పెద్దమనిషి తన కంచాలు అడిగాడని పొంగిపోయి, భూలక్ష్మి వడ్డన దగ్గర నిలబడి ఫొటో కూడా దిగింది. తర్వాతి వారమే అవే కంచాల్లో ఎవరి సీమంతమో జరిగింది. అప్పుడు ఆమెకు ఏ శకునమూ గుర్తు రాలేదు. ఆమె అంటు పెట్టింది చావుకు కాదు, చచ్చినవాడికి. అది తెలిసేసరికి ఆమెకు ఒళ్లంతా చీదరపుట్టింది, తన మీద తనకే.

"బాచుపల్లి కెల్లి వచ్చినయని చెప్పి పంపరాదు" అన్నాడు వీరేశం.

తాళంచెవి తీసుకుని మెట్ల కింది గది దాకా వెళ్లింది కూడా. ఈ కంచాలు కడిగి, తుడిచి, పేర్చి పెట్టిన మనిషికి అవి ఇక్కడ లేవని కొడుకుతో చెప్పి పంపింది. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పంపాలి? ఊరందరికీ నీతులు చెప్పిన మనిషి తలుపు తీయకుండానే వెనక్కి వచ్చింది.

మర్నాడు దినాలకు వెళ్లకుండా ఉండలేకపోయింది. సందులో షామియానా, కింద ఓదెలు ఫొటో, పక్కన థర్మాకోల్ ప్లేట్ల కట్టలు. బంతిలో కూర్చున్న వాళ్లు చాలామంది చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఊడ్చేవాళ్లే. ఇలాంటి ప్లేట్ల గురించి ఆమె ఎన్నోసార్లు క్లాసు పీకినవాళ్లే. "కంచాలమ్మ వచ్చింది" అని ఒకామె గొణిగితే, పక్కనున్నామె చేతిలోని ప్లేటును కొంగు చాటుకు లాక్కుంది. భూలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. ఖాళీ ఉన్నచోట గబుక్కున కూర్చుంది. ఆమె ముందూ అలాంటి ప్లేటే పడింది.

రాజమ్మ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. నుదురు బోసిగా ఉంది.

"ఏమనుకోకమ్మా, వీటిల పెట్టవడితిమి. తిన్నంక అన్నీ నేనే ఏరి పొడి చెత్తల ఏస్త. చెరువుల పడనియ్య."

"రాజమ్మా, ఆ కంచాలు..." అని మొదలుపెట్టింది భూలక్ష్మి.

"నేను వద్దనే అన్ననమ్మా వానికి. అమ్మ మనకియ్యదురా, పోయి అడిగి ఆమెను పరేషాన్ చెయ్యకు అన్న. వాడు ఇనలే. నీతోని ఉత్తగ అబద్ధమాడిచ్చిండు" అంది రాజమ్మ.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. కొంచెమైనా ఉంటే బాగుండునని భూలక్ష్మికి అనిపించింది. తను ఇవ్వదని రాజమ్మకు ముందే తెలుసు. ఎవలడిగినా ఇస్తం అని తను మీటింగుల్లో అన్నప్పుడల్లా, వెనకాల చీపురు పట్టుకుని నిలబడి వింటూనే ఉంది, ఒక్కరోజూ నమ్మలేదు.

రాజమ్మ లేచి నీళ్ల జగ్గు అందుకుంది. వడ్డించేవాళ్ల వైపు తిరిగి, "అమ్మకు జర కూర ఎయ్యిరి, ఏం తింటలేదు" అంది.