నీంకె నీళ్ళ కింద ఉన్న పది నిమిషాలు

మా రేవు ఊరు హార్లింగెన్‌లో నీంకె అనే ఎనిమిదేళ్ళ పిల్ల దమ్ము బిగబడితే సముద్రంలో చేపలే ఆయాసపడతాయి. నేను చెప్పేది నమ్మకపోతే వాళ్ళ నాన్న డౌవెను అడగండి. రెండేళ్ళ కిందట ఆమెకు గుండె ఆపరేషన్ అయింది. "ఇక అందరు పిల్లల్లాగే పెంచండి," అంది డాక్టరమ్మ. డౌవె మాత్రం కూతుర్ని మెట్లు కూడా ఎక్కనివ్వకుండా మోసేవాడు.

ఆ శనివారం ఈత పరీక్ష. మా ఊరినిండా కాలవలే, పడితే ఈదుకు రావాలని మా పిల్లలు ఈతకొలనులో బట్టలూ బూట్లతోనే ఈది, నీళ్ళలో వేలాడే పరదా కంతలోంచి దూరి రావాలి. డౌవె బూట్లు విప్పేసి, దూకడానికి గట్టున నిలబడ్డాడు. నీంకె మునిగింది. కాసేపటికి పరదాకు అవతల తల తేల్చింది.

"ఏడుస్తున్నావా నాన్నా?"

"నీళ్ళు చిందాయే తల్లీ."

ఇంటికి వెళ్ళేటప్పుడు మొదటిసారి ఆమె సైకిలు ఆమెనే తొక్కనిచ్చాడు. ఉప్పుచేపలు అమ్మే బౌకె బండి దగ్గర ఆగి, "మా పిల్ల పది నిమిషాలు నీళ్ళ కిందే ఉంది, బౌకె పిన్నీ," అన్నాడు గర్వంగా.

"నాలుగు సెకన్లు," అంది నీంకె. "నాన్న కళ్ళు మూసుకున్నాడు, ఆయనకేం తెలుసు."