పాలకోవా పాట

ఆ రోజుల్లో మాకు ప్రేమించడం చేతకాదుగానీ, ప్రేమ దేనిలా ఉంటుందో చెప్పమంటే మాత్రం తెల్లవార్లూ చెప్పగలిగేవాళ్లం. తప్పు మాది కాదు, సినిమా పాటలది. అవి రాసినవాళ్లను తలచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. ఆడపిల్ల కనబడితే చాలు, ఒకడు జామపండు అంటాడు, ఇంకొకడు తేనెపట్టు అంటాడు, మరొకడు ఏకంగా కొరుక్కు తింటానంటాడు. వీళ్లకు ఇంట్లో వేళకి అన్నం పెట్టరా అని! ఆ ఆకలి మాటలు నమ్మే నేను నా పెళ్లి చెడగొట్టుకోబోయాను.

అప్పుడు నేను చెన్నై శివార్లలో, ఎన్నూరులో ఒక లారీ ఆఫీసు గుమాస్తాని. మాధవరం పాల కాలనీలో ఉండే మా మేనమామ, కూతుర్ని నాకిస్తానన్నాడు. తాంబూలాల రోజున హాల్లో మైకు కనబడేసరికి ఆగలేక, నేనే కట్టిన పాట ఎత్తుకున్నాను. పల్లవిలో మా మరదలు పాలకోవా, మొదటి చరణంలో జున్నుముక్క, రెండో చరణంలో మీగడ. (పాల కాలనీ కదా, స్థానిక సరుకే వాడాను.) మా స్నేహితుల ఈలలకి ఫ్యాన్లు వెనక్కి తిరిగాయంటే నమ్మండి. అంతలో మరదలు లేచొచ్చి మైకు లాక్కుంది.

“బావా, నేను పాలకోవా అయితే నువ్వెవురు?”

“తినేవాణ్ణి!” అన్నాను, హీరోలా.

“తిన్నాక, కోవా పెట్టిన ఆకేం జేస్తారు?”

జవాబు కూడా తనే చెప్పింది.

“మడిచి బయటేస్తారు. నన్నూ అంతేనా?”

“సుమ్మా, ఊరికే పాటకి అన్నాడమ్మా, విడు,” అని మామయ్య అరవం కలిపి సర్దిచెప్పబోయాడు.

“నువ్వుండు నాయనా! ఇంకో పాట రాసుకోని రమ్మను. దాంట్లో నేను మనిషిగా ఉంటేనే తాంబూలం ముట్టుకుంటా. లేదంటే ఈ సంబంధం ఈడికి సరి!”

కోపంతో ఊగిపోతూ బయట మెట్ల మీద కూలబడ్డాను. ముందు ఆమె మీద కోపం, తరవాత పాటల మీద. తెలిసినవన్నీ తిరగేశాను. ప్రేమ యుద్ధమట; అలా పాడితే, ఓడేదెవరని మరదలు అడుగుతుంది. ప్రేమ నిప్పట; ఎన్నూరులో ఆరేసిన చొక్కాల మీద రోజూ థర్మల్ కరెంటు కేంద్రం బూడిద దులుపుకునేవాణ్ణి, నిప్పు చివరికి ఏమవుతుందో నాకు తెలీదా! మనసు దోచావంటే, దొంగనా అని నిలదీస్తుంది. ఇన్ని వేల పాటల్లో ఇద్దరూ మనుషులుగా ఉన్నది ఒక్కటైనా రాసి చావలేదే, దుర్మార్గులు! పళ్లు నూరుతూ, ఎదురుగా పోతున్న సిటీ బస్సును చూసి నాలుగు లైన్లు గీకాను. ఇద్దరం ఒకే బస్సెక్కాం, దిగేచోటు ఒకటే, పక్కపక్కన కూచుందాం, గుంతలొస్తే ఒకరినొకరు పట్టుకుందాం అని.

లోపలికెళ్లి పాడితే ఈసారి ఈలలు లేవు. మరదలు ముఖం చిట్లించుకునే వింది.

“డ్రైవరు నువ్వా?”

“కాదు. ఇద్దరం ప్యాసింజర్లమే.”

“సరి, కిటికీ సీటు నాది,” అంటూ తాంబూలం అందుకుంది.

ఆ మాటను ఇన్నేళ్లూ ఇంత నిష్ఠగా అమలు చేస్తుందని ఎవరనుకున్నారు? పెళ్లయ్యాక నేను బస్సు కిటికీలోంచి చెన్నైని చూసిన పాపాన పోలేదు. (మెట్రోలోనూ అదే కథ.) ఇప్పటికీ నడవా వైపు కూచుని, కండక్టరు సంచీ భుజానికి తగిలినప్పుడల్లా, మెట్ల మీద పళ్లు నూరుతూ పాట కట్టిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటాను. అంత కోపంలోనూ మంచి పాటే కట్టాడు, పాపం. కిటికీ గురించి ఒక్క లైను రాసుకోవడమే తోచలేదు వెర్రివాడికి.