ఇది ఏ రకం ఆయ్?

పశ్చిమ తీరంలోని ఆ హార్బరుకి మే నెలలో, మిట్టమధ్యాహ్నం చేరాను. ఇనుప మెట్లు చేత్తో పట్టుకోలేనంత ఎండ. ఉత్తరాన కొండల్లో యుద్ధం అప్పటికే మొదలైంది. మా ఓడకి ఒకటే పని. చమురు ట్యాంకర్లు ఆగే రేవు ముఖద్వారంలో లంగరు వేసి కాపలా కాయడం. ఓడ చుట్టూ హద్దు రెండు వందల మీటర్లు. చెప్పినా ఆగకుండా హద్దు దాటిన పడవని కాల్చాలి.

నాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లె. ఇంటర్ అయ్యాక నేవీలో చేరాను. కొబ్బరి రాశి చూసి కాయలెన్నో చెప్పడం నాకు నేనే నేర్చుకున్న విద్య. అది చూసి నన్ను ఓడని నడిపించే బ్రిడ్జి మీద దూరాలు అంచనా కట్టే పనిలో పెట్టారు. మొదటి రోజు మా చీఫ్ ఏదో ఆర్డరిస్తే "ఆయ్" అన్నాను.

"మీ ఊళ్ళో ఒకటేనా? ఇక్కడ రెండు! ఆయ్ ఆయ్ సార్!" అని అరిచాడు.

నేవీలో రెండు ఆయ్‌లంటే 'అర్థమైంది, చేస్తాను' అని. మా వైపు ఒక్క ఆయ్‌కి అంత బరువు లేదు. వింటున్నానండీ అని, అంతే.

ఓ పొద్దున్న మసకలోంచి చేపల పడవ ఒకటి వచ్చింది. గాలీ, పోటూ రెండూ దాన్ని మావైపే తోస్తున్నాయి.

"దూరం?" అన్నాడు డ్యూటీ ఆఫీసరు.

"నాలుగు వందల యాభై, సార్. నిమిషానికి యాభై చొప్పున వస్తోంది."

ఆయన మైకులో హిందీలో హెచ్చరించాడు. గాలి మీద జవాబు తేలివచ్చింది. "ఆయ్!"

"సరేనన్నారు. తిరుగుతారు," అన్నాడు ఆఫీసరు.

తిరగలేదు. మళ్ళీ హెచ్చరించాడు. మళ్ళీ "ఆయ్!" పడవ అలాగే వస్తోంది.

"ఒప్పుకుంటూనే మీదికొస్తున్నారు. గన్, రెడీ!"

గన్ మీదున్న పంజాబీ కుర్రాడు గొట్టాన్ని పడవ వైపు తిప్పాడు.

"సార్, వాళ్ళు ఇక్కడికి వేటకి వలసొచ్చిన మా కోనసీమవాళ్ళు," అన్నాను. "అది ఒప్పుకోవడం కాదు. వినబడిందంటున్నారు."

"అయితే నువ్వే తిప్పించు. రెండు వందల దగ్గర నేనింక ఎవర్నీ అడగను."

మైకు తీసుకున్నాను. మూడు వందల ఇరవై. "పడవ వెనక్కి తిప్పండి! కాల్చేస్తారు!"

"ఆయ్, అలాగేనండీ!"

తిరగలేదు. రెండు వందల ఎనభై. అప్పుడు తట్టింది. మా వైపు పెద్దవాళ్ళకి ఎవరూ మొహమ్మీద కాదని చెప్పరు. ముందు ఆయ్ అంటారు. ఇబ్బంది ఉంటే మనమే అడగాలి.

"బాబాయ్! ఏవైనా ఇబ్బందా అండీ?"

"పడవ కింద ఫ్యానుకి వల చుట్టేసిందండీ బాబూ! ఇంజను తిరగట్లేదు! తవర్ని ఇబ్బంది పెట్టడం ఎందుకనండీ..."

"లంగరెయ్యండి! ముందు లంగరెయ్యండి!"

"ఆయ్!"

ఆఫీసరు నా వైపు చూశాడు. "ఇది ఏ రకం ఆయ్?"

"తెలీదు సార్."

రెండు వందల నలభై. రెండు వందల ముప్ఫై. పడవ ముందు భాగాన నలుగురు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. రెండు వందల ఇరవై. నీళ్ళు చిందాయి. తాడు బిగుసుకుంది. పడవ మూతి నెమ్మదిగా సముద్రం వైపు తిరిగి నిలబడింది.

"రెండు వందల పది, సార్. ఆగింది."

పడవని తనిఖీ చేసేదాకా గన్ దించొద్దన్నాడు ఆఫీసరు. అది రూలు.

యుద్ధం ముగిసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి సర్వీసు పూర్తిచేసి ఊరొచ్చాను. ఇప్పుడు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. యుద్ధంలో ఏం చూశావని అడుగుతారు. ఒక్క గుండూ పేలలేదని చెబుతాను. వాళ్ళకి ఉసూరుమంటుంది.

నేను చూసింది ఇది. తనిఖీ బోటు ఇంకా దిగలేదు. గొట్టం సూటిగా ఆ పడవ మీదే ఉంది. లంగరు పడ్డాక కూడా అది తన మీదే ఉంటుందని బాబాయికి తెలియదు. మేము సాయానికి వస్తున్నామనుకున్నాడు. రెండు చేతులతో పెద్ద వంజరం చేపని తలపైకెత్తి, మాకేనని చూపిస్తూ, నవ్వుతూ నిలబడ్డాడు.