సగం నింపిన సీసాలు

మా అమ్మ మగ్గం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్ళు దయచేసి నవ్వొద్దు.

1994. వేలూరులో ఒక పరిశోధనశాల. చిట్టెలుకల్ని పెంచే యానిమల్ హౌస్‌లో నాది పంజరాలు కడిగి, నీళ్ళు పెట్టే పని. మా ఊరు గుడియాత్తంలో మా వీధికి మాత్రం నేను డాక్టర్ని. అట్లని నేనే చెప్పినాను.

ఆ ఎలుకల్లో నాలుగింటికి పుట్టుకతోనే డయాబెటిస్ ఇన్సిపిడస్. పేరు అదే గానీ చక్కెరతో పనిలేని జబ్బు. ఒంట్లో నీళ్ళు పట్టి ఉంచమని కిడ్నీకి చెప్పే హార్మోన్ వాసోప్రెసిన్. వీటి రక్తంలో అది కావలసినంత ఉంది, కిడ్నీయే వినదు. తాగిందంతా పోసేసి, మళ్ళీ సీసాకు అతుక్కుపోయేవి. మోతాదు పెంచితే వింటుందేమోనని మా డాక్టరమ్మ ఆ వారమే హార్మోన్ సూదులు మొదలుపెట్టింది. చిత్తూరు మనిషి. ఆ నాలుగు ఎలుకల కోసం రెండేళ్ళు కాచుకున్నది.

నాకేమో తడిసిన ఊక పూటపూటకీ మార్చలేక నడుం పడిపోయేది. మా ఇంట్లో గుంతమగ్గం. నేత మధ్యలో లేవాల్సి వస్తుందని మా అమ్మ మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టదు. దప్పిక కూడా అలవాటే కదా అనుకున్నాను. శనివారం సాయంత్రం, ఆదివారానికని పెట్టే పెద్ద సీసాలు సగమే నింపి ఇంటికి పోయినాను.

సోమవారం పొద్దున నాలుగూ చచ్చిపడి ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

"సీసాలు నింపినావా నాయనా?" అనింది డాక్టరమ్మ.

"సగమేనమ్మా. అలవాటు పడతాయనుకుంటి. మా అమ్మ అట్లే కదా మగ్గంలో కూర్చుంటాది."

"మీ అమ్మ కిడ్నీ చెప్పిన మాట వింటాదప్పా. వీటిది వినదు." కోప్పడలేదు. కొత్త ఎలుకలు తెప్పించి పని సాగించింది.

ఒకరి ఒంటికి సరిపోయిన పద్ధతి ఇంకొకరి ప్రాణం తీస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను.

ఇందులో కల్పించింది చెప్పేస్తాను. ఆమె అడిగింది నిజం. పైన చెప్పిన నా జవాబు, ఆ తర్వాతదంతా అబద్ధం.

"నిండా నింపినానమ్మా" అన్నాను.

"సత్యంగా?"

"సత్యంగా."

ఆమె చూడకముందే ఆ సీసాలు కడిగేసి ఉన్నాను. నీళ్ళుండీ చచ్చిపోయినాయంటే తన సూదులే చంపినాయని ఆమె రిజిస్టరులో రాసుకుంది. మళ్ళీ ఆ పని ముట్టలేదు.

"నువ్వేం చేస్తావు నాయనా, తప్పు నాది" అనింది.